పద్ధతి గల వేటగాడు

ఆ అడవి ఎవరి సొంతమూ కాదు, అందరిదీ అని సర్కారు బోర్డు పెట్టింది. అందుకే అక్కడికి అడవిదున్నలు మేయడానికి వచ్చేవి, వేటగాడు కాల్చడానికి వచ్చేవాడు.

"మంచి పద్ధతి గల మనిషి," అంది మందకు పెద్దయిన పోతు. "దూడ పక్కనున్న తల్లిని కాల్చడు. మందకు అవసరమని నన్నూ కాల్చడు."

మందలోని చుక్కి అనే ఆడదున్న దూడను పోయిన ఏడు చిరుత ఎత్తుకుపోయింది. "మరి నేనో, బావా?" అని అడిగింది చుక్కి.

"దూడను కాచుకోలేనిది నువ్వు. దానికి ఆయనేం చేస్తాడు?"

అంతలో వాగు అవతల వేటగాడు చుక్కికి గురిపెట్టాడు. పక్కనే మేస్తున్న బూడిద అనే చిన్న తల్లి గబగబా తన దూడను చుక్కి పక్కకు నెట్టింది.

"అక్కా, కాసేపు నీ దగ్గరుంచుకో."

వేటగాడు ఆగాడు. మందనంతా ఓపిగ్గా పరికించాడు. తుపాకీ గొట్టం మెల్లగా బూడిద వైపు తిరిగింది. ఇప్పుడు పక్కన దూడ లేనిది ఆమే.

చుక్కి అది చూసింది. దూడను ఒక్కసారి నాకి, "పోరా, మీ అమ్మ దగ్గరికి పో," అని ముట్టెతో తోసింది. దూడ తల్లిని చేరేదాకా వేటగాడు ఆగాడు. తర్వాత చుక్కిని కాల్చాడు.

"చూశారా, దూడకు చిన్న గీత కూడా పడనివ్వలేదు," అంది పోతు మెచ్చుకోలుగా.

తల్లులంతా ఎవరి దూడకు వాళ్లు ఇంకాస్త దగ్గరగా జరిగారు.