చేతకాని పని

“మీకు బాగా వచ్చిన పని వద్దండీ. ఇంకేదైనా చెప్పండి,” అంది ఆఫీసు నుంచి వచ్చిన ఆవిడ.

టైలరు తన చేతుల వంక చూసుకున్నాడు. మీసాలు రాకముందు పట్టిన కత్తెర. తల నెరిసే వయసులో దించెయ్యమంటే ఇంకేం వచ్చని చెబుతాడు?

“పోనీ, చిన్న చిన్న రిపేర్లు చేసుకుంటానమ్మా. ప్యాంటు పొడుగు తగ్గించడం, జిప్పు మార్చడం. దానికేం పేరొస్తుంది?”

“సూదీ దారం ఉన్న పనేదీ వద్దు. దానికి ఒప్పుకునే కదా వచ్చారు.”

ఒప్పుకున్న మాట నిజమే. ఒప్పుకునేటప్పుడు ఇంత కష్టమని తెలియలేదు.

కొత్తగా వచ్చిన ఆ ఊళ్లో టైలరు కుటుంబానికి తెలిసిన మొహం ఒక్కటీ లేదు. మూడో అంతస్తులో రెండు గదులు. తలుపు మీద పేరు రాసుకోవద్దన్నారు. పాత ఊళ్లో చిన్నా పెద్దా అందరూ అతన్ని ‘మాస్టారూ’ అని పిలిచేవాళ్లు. అతను కుట్టిన కోటు కాలరు మెడకి అంటీ అంటనట్టు ఎలా నిలబడుతుందో చూడ్డానికి వేరే టైలర్లు కూడా పని కల్పించుకుని వచ్చేవారు. ఇక్కడ ‘ఏమోయ్’ అని పిలిచే దిక్కు కూడా లేదు.

ముందు బేకరీలో చేరాడు. రొట్టెలు మాడ్చాడు. తర్వాత పార్శిళ్లు పంచే పనిలో పెట్టారు. సందుల్లో దారి తప్పి, పొద్దున ఇవ్వాల్సినవి సాయంత్రం ఇచ్చాడు. ఆ తర్వాత హోటల్లో గిన్నెలు కడిగాడు. సబ్బు పడక వేళ్లు పగిలాయి.

“పట్టిందల్లా బొగ్గవుతోందే,” అన్నాడు భార్యతో.

“అవనివ్వండి. పిల్ల ముందు మాత్రం అలా దిగాలుగా కూర్చోకండి.”

పిల్ల అంటే వాళ్ల బుజ్జి. పదేళ్లది. తండ్రి ఒక ఉద్యోగం పోగొట్టుకుని ఇంటికొచ్చిన ప్రతిసారీ, వెళ్లి ఆయన చెప్పులు తుడిచి పక్కన పెట్టేది.

ఒకరోజు కింది వాటా పెద్దావిడ సూది అడగడానికి వచ్చింది. చేతిలో పాత కోటు. పోయిన మొగుడిదట. కొడుక్కి ఏదో పెద్ద ఆఫీసులో ఇంటర్వ్యూ ఉంది, వాడికి పట్టేలా లోపల నాలుగు కుట్లు వేస్తానంటూ గుమ్మంలోనే కూర్చుని మొదలుపెట్టింది. అవి కుట్లు కావు. కోడి కెలికినట్టుంది.

టైలరు కాసేపు చూశాడు. మొహం తిప్పుకున్నాడు. మళ్లీ చూశాడు.

“ఇలా ఇవ్వండమ్మా.”

“ఏమండీ,” అంది భార్య వంటగదిలోంచి.

వినిపించనట్టే ఊరుకున్నాడు. కాలరు విప్పి కొత్తగా నిలబెట్టాడు. భుజాలు సరిచేశాడు. పని పూర్తయ్యేదాకా ఆకలి మాటే గుర్తు రాలేదు. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపారా తిన్నాడు.

పెద్దావిడ కొడుక్కి ఉద్యోగం వచ్చింది. ఆ ఆఫీసులో ఎవరో అతని కోటు కాలరు పట్టి చూసి, ఈ చేతిపని నాకు తెలుసే, ఎవరు కుట్టారని అడిగారట. ఆ మాట చెప్పడానికి పెద్దావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఆవిడ మొహం సంబరంతో వెలిగిపోతోంది.

భార్య లోపలికి వెళ్లి ఫోను చేసింది.

ఆఫీసావిడ సాయంత్రానికల్లా వచ్చింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

“సామాన్లు సర్దుకోండి,” అంది.

“ఒక్క కోటమ్మా. ఆ పెద్దావిడ అవస్థ చూడలేక...”

“తెలుసండీ. అందుకే కదా మొదట్నుంచీ బతిమాలుతున్నాను, మీకు చేతకాని పనే చూసుకోమని.”

సామాన్లు దింపుతుంటే మెట్ల మీద జనం గుమిగూడారు.

“ఏం చేసొచ్చాడో ఏమో. ఆ మొహం చూసినప్పుడే అనుకున్నా,” అన్నాడొకాయన, వినపడేలాగే.

టైలరు పరుపు భుజాన వేసుకుని తలొంచుకుని దిగిపోయాడు. ఆ మాటలో సగం నిజమే అనిపించింది.

ఇంకో ఊరు. ఇంకో రెండు గదులు. ఈసారి ఉద్యోగం అతనే ఎంచుకున్నాడు.

“మొక్కల గురించి నాకు ఓనమాలు కూడా రావమ్మా.”

“అయితే అదే మీకు సరైన పని,” అంది ఆవిడ.

నర్సరీలో కుండీలు మోశాడు. మట్టి కలిపాడు. ఏది మొక్కో ఏది కలుపో తెలియక మొక్కలే పీకేస్తే యజమాని నానా మాటలూ అన్నాడు. పడ్డాడు. అతని చేతి వంక ఎవరూ రెండోసారి చూడలేదు. ఆఫీసావిడకి కావలసింది అదే.

ఒక సాయంత్రం పనినుంచి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. బుజ్జి వచ్చి పక్కన చేరింది. ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, గోళ్లలో ఇరుక్కున్న మట్టి పుల్లతో తీస్తూ అడిగింది.

“నామీద కోపంగా ఉందా నాన్నా?”

“నీ మీద కోపమేంటే, పిచ్చితల్లీ? నీ మొహం చూడాలంటేనే నాకు సిగ్గేస్తోంది.”

పట్టపగలు టైలరు షాపులో ఒక మనిషిని పొడిచి చంపినవాడు కోర్టు నిండా తన మనుషుల్ని పెట్టుకుని బోనులో నిలబడి ఉండగా, ఆ రోజు అక్కడున్న పెద్దవాళ్లంతా, టైలరుతో సహా, మేమేమీ చూడలేదని చెప్పి దిగిపోయాక, “ఇతనే” అని వేలెత్తి చూపింది బుజ్జి ఒక్కతే.