గ్రైండింగ్ షెడ్డులో హారతి

పక్క ఫ్యాక్టరీ తగలబడ్డ దగ్గర్నుంచి ప్లాస్టిక్ కంపెనీ ఓనరు నరసింగరావుకి భద్రత మీద భక్తి పెరిగింది. అందుకే గ్రైండింగ్ మిషను ముందు పళ్లెంలో కర్పూరం పేర్చాడు.

"అగ్గిపుల్ల గీయకండి సార్," అంది సేఫ్టీ ఆఫీసరు ప్రిస్కిల్లా. "దూలాల మీద వేలెడు మందం ప్లాస్టిక్ పొడి ఉన్నాది. అది గాల్లోకి లేచి అగ్గిపుల్లకో మిషను రవ్వకో అంటుకుంటే షెడ్డు పేలిపోతాది."

"నువ్వు సర్చికెళ్తావు. మా పూజ నీకేటి నచ్చుతాది?"

"పొడి తీయించమని ఎన్నిసార్లు సెప్పాను?"

"తీయిస్తే పని ఆగిపోతాది. దిష్టి తీస్తే ఏటీ ఆగదు."

"అయితే ఎలిగించండి. మేమంతా గేటు బయట నిలబడి దండం పెట్టుకుంటాం."

నరసింగరావు దూలాల వైపు చూశాడు. అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు.

చివరికి హారతి గేటు బయటే ఇచ్చాడు. అందరూ కళ్లకద్దుకున్నారు.

"దిష్టి పోయింది. లోపలికెళ్లి మిషన్లు ఏసుకోండి," అన్నాడు.

"ముందు మీరు నడవండి బాబూ. మీ ఎనకాలే వస్తాం," అంది మిషను మీద పనిచేసే జగ్గమ్మ.

ఆయన కాలు కదల్లేదు.

జగ్గమ్మ గోడ పక్కన నీడ చూసుకుని కూర్చుంది. ఆమె వెనకే మిగతావాళ్లూ కూర్చున్నారు.