మింగని మాత్ర

ఈరోజు కూడా లతీఫ్ మాత్రను మింగలేదు. కుడుతున్న పరుపులోని దూదిలోకి తోసేశాడు. భార్య లాల్ బీ చూడనే చూసింది.

మర్రిగూడలో ఎవరి కాళ్ళు బిగుసుకున్నా ఒకటే మాట: నీళ్ళు. బోరు నీళ్ళ నిండా ఫ్లోరైడే కదా! లతీఫ్ కాళ్ళు బిగిసినప్పుడూ అందరూ అదే అన్నారు. మూడేళ్ళు అలాగే గడిచాయి. దూదేకే విల్లు చేతిలో నిలవకుండా వణికినప్పుడు గానీ కొడుకు రజాక్‌కు అనుమానం రాలేదు. తొంభై ఎనిమిదిలో హైదరాబాద్ తీసుకుపోయాడు.

"నీళ్ళవల్ల కాదు, ఇది పార్కిన్సన్స్" అన్నాడు డాక్టరు. "మెదడులో ఒక ప్రొటీన్ గడ్డలు కడుతోంది. ఆ సంగతి నిరుడే బయటపడింది. లేని మనుషులు కనిపించేదీ దానివల్లే. ఈ మాత్రలు వేసుకుంటే ఎవరూ రారు."

అసలు భయం ఆ మనుషులతోనే. చచ్చిపోయిన తన తండ్రి, బాపు, మూలన కూర్చున్నాడని లతీఫ్ గంటలకొద్దీ మాట్లాడేవాడు. లాల్ బీకి ఆ మూల ఖాళీగానే ఉండేది. మొన్న బాపు పిలిచాడని లేచి వాకిట్లో పడ్డాడు, నొసలు చిట్లింది. ఇంకోసారి పడితే మనిషి దక్కుతాడా?

"బిడ్డా, మీ బాపు మందు మింగుతలేడు" అని రజాక్‌తో మొత్తుకుంది. వాడు కుట్టుమిషన్ మీంచి తలెత్తలేదు. తల్లి మాటంటే అంత లెక్క! కోడలు ఒక్క కప్పు చాయ్ తెచ్చి, మామ ముందు పెట్టి పోయింది. లాల్ బీకి కడుపు మండింది. కానీ అలిగి కూర్చునే వేళ కాదిది.

"ఏమయ్యా, గా మాత్ర తియ్యి. మింగు."

"మింగితే ఎవ్వరు రారంట. డాక్టర్ చెప్పిండు."

"రాకుంటె పాయె! మీ బాపుతోని నీకేం పని? మల్ల పడితె ఏమైతవో ఎరుకేనా? నాకు గదే ఫికర్."

లతీఫ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చాలాసేపు ఆమె ముఖంకేసే చూశాడు.

"మింగమంటవా మరి?"

"మింగాలె. నా మీద ఒట్టు."

మింగాడు. ఆ తర్వాత ఒక్కరోజూ తప్పలేదు. వారం తిరిగేసరికి మూలవైపు చూడడం మానేశాడు. హమ్మయ్య, మనిషి దక్కాడనుకుంది లాల్ బీ.

పదోనాడు పొద్దున్నే వచ్చి అతని పక్కన కూర్చుంది. "ఏమయ్యా, లేసినవా?"

లాల్ బీని గోరీలో పెట్టిన రెండేళ్ళకు మొదటిసారి, ఆ పొద్దున ఆమె ఎంత పిలిచినా లతీఫ్‌కు వినబడలేదు.