ఆగినవాడికి సగం శిక్ష

“ఆగిన డ్రైవరుకి శిక్ష తగ్గించండయ్యా! మీ కాళ్ళు పట్టుకుంటాను” అంటోంది సాక్షి కుర్చీలో కూర్చున్న నడివయసు ఆవిడ.

అప్పుడే తలుపు తోసుకుని శాసనసభ కమిటీ గదిలోకి వచ్చిన స్టెనోకి ఒళ్ళు మండింది. అక్కడ స్టెనోలది పది నిమిషాల వంతు. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చోవాలి. అంతకుముందు ఎవరొచ్చారో, ఏం చెప్పారో కనుక్కునే తీరిక ఉండదు. ఆమె కూర్చుని పెన్సిలు అందుకుంది.

బిల్లు మాత్రం ఆమెకు కంఠతా వచ్చు. బండితో గుద్ది మనిషిని చంపితే పదేళ్ళ జైలు. ఏడో క్లాజు ఒక్కటే దానికి అడ్డం. ఆగి, గాయపడినవాణ్ని ఆసుపత్రికి చేర్చిన డ్రైవరుకి సగం శిక్షే. ఆ క్లాజు ఉంచాలా, తీసెయ్యాలా అన్నది ఇవాళ తేలిపోతుంది. నిరుడు ఒక లారీ ఆమె తమ్ముణ్ని పొట్టన పెట్టుకుంది. తీసెయ్యాలనే ఆమె కోరిక.

“ప్రాణం తీసినవాడి మీద జాలేమిటమ్మా?” అన్నాడు బట్టతల సభ్యుడు, బిస్కెట్టు నములుతూనే.

“వాడూ ఒక తల్లి కన్న బిడ్డే కదయ్యా. ఇరవై రెండేళ్ళు. జనం కొడతారంటే, జైల్లో పెడతారంటే బెదిరిపోడూ?”

కాకి పిల్ల కాకికి ముద్దు అనుకుంది స్టెనో. కొడుకు చేతికి నెత్తురంటినా తల్లికి పసివాడే! కసిగా రాస్తుంటే పెన్సిలు ములుకు పుటుక్కున విరిగింది. ఇంకోటి తీసుకుంది.

“మీరెవరూ వాడి మొహం చూడలేదు. నేను చూశాను, జైలుకెళ్ళి. అన్నం మానేశాడు. నా చేతులు పట్టుకుని ఒకటే ఏడుపు.” సాక్షి స్టెనో వైపు తిరిగింది. “రాసుకుంటున్నావా తల్లీ?”

స్టెనో కాగితం తిప్పి రాస్తూనే ఉంది. ఇంట్లో తన తల్లి గొంతు కూడా ఏడాదిగా ఇలాగే జీరపోయి ఉంది. అది గుర్తొచ్చి దుఃఖం, కోపం రెండూ కలిసి తన్నుకొచ్చాయి.

చైర్మన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఈ క్లాజు ఎందుకు ఉంచాలో ఒక్క ముక్కలో చెప్పండమ్మా.”

“సగం శిక్షేనని తెలిస్తే ఆగేవాడయ్యా. భయపడి పారిపోయాడు. రోడ్డు మీద పడ్డ నా కొడుకు రెండు గంటలు బతికే ఉన్నాడు.”