ముక్కుపుడక అమ్మిన అమ్మ

పేదరికంలో పెరగనివాళ్లకు టికెట్ లేదని పార్టీ తేల్చేసింది. కోటీశ్వరుడి ఇంట పుట్టిన కాంట్రాక్టరు వీర్రాఘవులు ఏం చేస్తాడు పాపం, అందరిలాగే బజారుకెళ్లి మంచి పేద బాల్యం ఒకటి కొని, ఆ జ్ఞాపకాలు బుర్రలోకి ఎక్కించుకున్నాడు. ఇంటర్వ్యూలో నిజంగానే ఏడుపు తన్నుకొచ్చింది.

"నా ఫీజు కోసం మా అమ్మ ముక్కుపుడక అమ్మేసిందండీ."

"పొద్దున్నుంచి వచ్చిన ఆరుగురూ ఇదే చెప్పారు," అంది పార్టీ అధ్యక్షురాలు. "ఒక్క ముక్కుపుడకతో ఎంతమందికి ఫీజు కట్టిందయ్యా మీ అమ్మ?"

టికెట్ చేజారిపోతోందని వీర్రాఘవులికి అర్థమైంది. కళ్లు తుడుచుకున్నాడు.

"వాళ్లంతా మా తమ్ముళ్లేనండీ. అమ్మ పోయాక కూలికెళ్లి నేనే పెంచాను."

ఆవిడ కూడా కంటతడి పెట్టుకుని టికెట్ ఇచ్చేసింది.

తలుపు దగ్గర వింటున్న ఆరుగురూ, అతను బయటికి రాగానే కాళ్లమీద పడ్డారు.

"అన్నయ్యా, గెలిచాక కాంట్రాక్టులన్నీ తమ్ముళ్లకేగా?"