మూడు గాట్లు

ఆ అడవిలో ఎవరు పడితే వాళ్ళు గూడు కట్టేసి, ఇక కాపురం పెట్టుకోండి అనడానికి వీల్లేదు. వడ్రంగిపిట్ట వచ్చి, గూటిని ముక్కుతో కుదిపి చూసి, కొమ్మ మీద మూడు గాట్లు పెట్టాలి. ఆ తర్వాతే అందులో గుడ్లు పెట్టాలి. అది అడవి కట్టడి.

వడ్రంగిపిట్టకు వయసు మీద పడింది. ప్రతి గూటికీ ఎగిరే ఓపిక లేదు. అడవిలో పిట్టలకు గూళ్ళు కట్టిచ్చే గోరింక అది కనిపెట్టింది.

"నీకెందుకు బాబాయ్ ఈ తిరుగుడు? కొమ్మల మీద ముందే గాట్లు పెట్టి ఉంచు. గూళ్ళ సంగతి నేను చూసుకుంటాను," అంది.

ముసలి పిట్ట సరేనని ఖాళీ కొమ్మల మీదే గాట్లు పెట్టుకుంటూ పోయింది.

తొలకరి గాలికి గువ్వ గూడు ఊడి పడింది. రెండు గుడ్లూ చితికిపోయాయి. గువ్వ నేరుగా వడ్రంగిపిట్ట తొర్ర ముందు వాలింది.

"కట్టింది గోరింక కదమ్మా," అంది వడ్రంగిపిట్ట, చూపు తప్పించి.

"గోరింక పనితనం నాకేం తెలుసు పెదనాన్నా? నీ గాట్లు చూసి గుడ్లు పెట్టాను."

గువ్వ వెళ్ళిపోయింది. పడమట మళ్ళీ మబ్బు పడుతోంది. వడ్రంగిపిట్ట తొర్రలోంచి బయటికొచ్చి, ఇంకా ఏయే కొమ్మల మీద గాట్లు పెట్టిందో గుర్తు చేసుకోబోయింది. ఒక్కటీ గుర్తు రాలేదు. గూడు చూసి పెట్టి ఉంటే గుర్తుండేవి.