పదకొండో చుట్టు

"ఆగాలిగా! ఎందుకు ఆగట్లేదు?" కొయ్యగుర్రం మెడ కావలించుకుని అరిచాడు ప్రోగ్రామర్.

రంగులరాట్నం గిర్రున పదకొండో చుట్టు ఎత్తుకుంది. దాన్ని నడిపే ప్రోగ్రాం అతను రాసిందే. ఇవాళ ట్రయల్. జనం లేరు. పక్క గుర్రం మీద, ఆ ప్రోగ్రాంలో తప్పులు పట్టాల్సిన టెస్టర్ ఒక్కతే ఉంది. వచ్చే వారం ఆమె వేరే ఆఫీసుకి మారిపోతోంది. ఈ పది చుట్లలో మనసులో మాట చెప్పేయాలని గుండె చిక్కబట్టుకుని ఎక్కాడు మహానుభావుడు. తొమ్మిది చుట్లు గొంతు సవరించుకోవడానికే సరిపోయాయి. పదో చుట్టులో నోరు తెరిచి, ఎండ ఎక్కువగా ఉందన్నాడు.

"నీ ఇల్లు బంగారంగానూ, ఏం రాశావయ్యా?" ఆమె పడీ పడీ నవ్వుతోంది.

"చుట్టుకి సున్నా పాయింట్ ఒకటి చొప్పున కలుపుతూ పోయి, మొత్తం సరిగ్గా ఒకటి కాగానే ఆగమన్నాను."

"ఆ అంకెల్ని దాచింది ఫ్లోట్‌లోనా, డెసిమల్‌లోనా?"

అతని మొహం పాలిపోయింది. "ఫ్లోట్‌లో."

"ఇంకేం! ఒకటిని మూడుతో భాగిస్తే మనకి ఎంతకీ తెగదు చూడు, రెండుల్లో లెక్కపెట్టే ఫ్లోట్‌కి పదో వంతూ అంతే. పదిసార్లు కలిపినా ఒకటికి వెంట్రుకవాసి తక్కువ. పదకొండోసారికి ఒకటి దాటేసింది. ఇక ఆగేదెక్కడ?"

"మనలా పదుల్లో లెక్కపెట్టే డెసిమల్ వాడి ఉంటే..."

"ఈపాటికి దిగి టీ తాగుతుండేవాళ్ళం."

కింద ఆపరేటర్ ఎర్ర బటన్ పక్కన తాపీగా నిలబడి ఉన్నాడు. "అన్నా, ఆపన్నా!" అని కేకేశాడు ప్రోగ్రామర్. ఆయన పళ్ళికిలించి టాటా చెప్పాడు.

గుర్రం పైకి లేచింది, కిందికి దిగింది. చెట్లూ, దీపస్తంభాలూ, టికెట్ కౌంటరూ అన్నీ కలిసిపోయి తిరుగుతున్నాయి. ఇంత గందరగోళంలో కుదురుగా కనిపిస్తున్నది ఆమె మొహం ఒక్కటే. తల తిరిగేసరికి అతని సిగ్గు ఎటు ఎగిరిపోయిందో ఏమో, ఎక్కడ లేని సంతోషం ముంచుకొచ్చింది.

"నువ్వంటే నాకు ప్రాణం! నన్ను పెళ్ళి చేసుకుంటావా?" గొంతు చించుకుని అరిచాడు.

"చేసుకుంటా!" అంతకంటే గట్టిగా అరిచి, ఆమె చెయ్యి పైకెత్తి ఊపింది. ఆపరేటర్ వెంటనే బటన్ నొక్కాడు. రాట్నం ఆగింది.

అతనికి మాత్రం లోకం ఇంకా తిరుగుతూనే ఉంది. "అన్ని పరీక్షలు చేశావు కదా, ఈ తప్పు నీ కంట పడలేదా?" అన్నాడు తూలుతూ.

"పోయిన వారమే పడింది," అంది ఆమె గుర్రం దిగుతూ. "పది చుట్లలో నువ్వు చెప్పలేవని వదిలేశాను."